‘కథ’లో చుక్క ఊడకుండా: ఒక వినైల్ స్టిక్కర్ పాఠం

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఒకసారి నడిచి చూడండి. స్టిక్కర్ లేని వస్తువు దొరకడం కష్టం. బండి ట్యాంకు మీద దేవుడి బొమ్మ, ఆటో వెనక పిల్లల పేర్లు, హాస్టల్ గేటు మీద ‘రూములు ఖాళీ ఉన్నవి’, సిటీ బస్సు సీటు పైన ‘స్త్రీలకు’, లైబ్రరీకి వెళ్ళే వాళ్ళ లాప్‌టాప్‌ల మీద నాలుగైదు కొటేషన్లు. మన కంటికి అన్నీ స్టిక్కర్లే. కానీ వీటిలో ఒకటి ఆరు నెలలకే అంచులు లేచి దుమ్ము పట్టేస్తుంది, ఇంకోటి బండి అమ్మేదాకా అలాగే ఉంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఇది నేర్చుకోవడానికి నాకు రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది మన క్లబ్. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి తెలుగు మాటలతో స్టిక్కర్లు వేయాలని అనుకున్నాం. రెండోది మా పెద్దమ్మ కొడుకు. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. రూమ్ కిరాయి వెళ్ళదీయడానికి బాగ్ లింగంపల్లిలో చిన్నగా స్టిక్కర్ల పని మొదలుపెట్టాలని ఆలోచన. పెద్దమ్మ సంఘంలో లోన్ తీసి పంపిస్తానంది. “నువ్వు ఇంజనీరింగ్ కదా తమ్మీ, ఏ మిషన్ కొనాలె చెప్పు” అని అడిగాడు. పెద్దమ్మ నెల నెలా కిస్తీ కట్టాల్సిన డబ్బు గనక నోటికొచ్చిన పేరు చెప్పడం కుదరదు. షాపుల్లో నిలబడి చూశాను, అడిగాను, డేటా షీట్లు చదివాను. తేలింది ఏంటంటే, ‘ఏ మిషన్’ అనేది ఆఖరున అడగాల్సిన ప్రశ్న.

ముందు అడగాల్సినవి నాలుగు. స్టిక్కర్ ఎక్కడ అంటిస్తాం? ఎంతకాలం ఉండాలి? ఒకే రంగు అక్షరాలా, రంగుల బొమ్మా? ఎన్ని కావాలి? వీటికి జవాబు దొరికితే మెటీరియల్ తేలుతుంది, మెటీరియల్ తేలితే మిషన్ దానంతటదే తేలుతుంది.

‘రేడియం’ కథ

మన వీధుల్లో ఈ పనికి పేరు ‘రేడియం’. రేడియం షాపు, రేడియం కటింగ్, రేడియం స్టిక్కర్. నిజానికి ఇందులో రేడియం చుక్క కూడా లేదు. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ మూలకాన్ని ఒకప్పుడు చీకట్లో మెరిసే గడియారాల ముళ్ళకి, అంకెలకి పూసే రంగులో కలిపేవారు. అది ఎంత ప్రమాదమో తెలిశాక మానేశారు. పేరు మాత్రం మనదగ్గర మెరిసే ప్రతిదానికీ అతుక్కుపోయింది. ఇప్పుడు బండ్ల మీద రాత్రి లైటు పడితే మెరిసేది రిఫ్లెక్టివ్ షీటు. అందులో సన్నని గాజు పూసలో, ప్రిజమ్‌లో ఉంటాయి. వచ్చిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. మామూలు రంగు షీటులో అవీ ఉండవు. అది ఒట్టి పీవీసీ ఫిల్మ్, అంటే వినైల్. కాబట్టి షాపులో ‘రేడియం కావాలి’ అంటే సరిపోదు. మెరవాలా వద్దా అనేది మొదట చెప్పాలి.

స్టిక్కర్ వినైల్ మూడు పొరల బిళ్ళ. పైన ఫిల్మ్, మధ్యలో జిగురు, కింద సిలికాన్ పూసిన కాగితం. ఆ సిలికాన్ వల్లే కాగితం సులువుగా ఊడి వస్తుంది.

చపాతీ, దోసె

వినైల్ ఫిల్మ్ తయారయ్యే పద్ధతులు రెండు. ఒకటి క్యాలెండర్డ్. వేడి పీవీసీ ముద్దని రోలర్ల మధ్య నొక్కి నొక్కి పలచని షీటుగా సాగదీస్తారు. అచ్చం చపాతీ ఒత్తినట్టే. చపాతీ ఒత్తి పక్కన పెడితే కాస్త ముడుచుకుంటుంది కదా, ఈ ఫిల్మ్ కూడా అంతే. సాగదీసిన ఒత్తిడి లోపల ఉండిపోతుంది. ఎండ తగిలినప్పుడల్లా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. అప్పుడు అంచు దగ్గర జిగురు బయటపడి నల్లటి గీతలా దుమ్ము పడుతుంది. పాత బండి స్టిక్కర్ల చుట్టూ కనిపించే నల్ల గీత ఇదే.

రెండోది క్యాస్ట్. ద్రవంగా ఉన్న పదార్థాన్ని నున్నటి షీటు మీద పలచగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. ఇది దోసె పోసినట్టు. ఎవరూ సాగదీయలేదు కాబట్టి ముడుచుకునే అలవాటు దీనికి తక్కువ. మందం కూడా 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. క్యాలెండర్డ్ మామూలుగా 80 నుంచి 100 మైక్రాన్లు, అంటే ఇంచుమించు మన జెరాక్స్ కాగితం మందం. పలచగా, మెత్తగా ఉండటం వల్ల క్యాస్ట్ ఫిల్మ్ ట్యాంకు వంపుల మీద, రేకు మడతల మీద చక్కగా కూర్చుంటుంది.

క్యాలెండర్డ్‌లో మళ్ళీ రెండు రకాలున్నాయి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ చిన్న అణువులదైతే మోనోమెరిక్, పెద్ద గొలుసు అణువులదైతే పాలిమెరిక్. చిన్న అణువులు మెల్లగా బయటికి జారిపోతాయి, ఫిల్మ్ గట్టిపడి పెళుసవుతుంది. పెద్దవి అంత తేలిగ్గా కదలవు. కంపెనీలు చెప్పే ఆయుష్షు సుమారుగా ఇలా ఉంటుంది: బయట ఎండలో మోనోమెరిక్ 1 నుంచి 3 ఏళ్ళు, పాలిమెరిక్ 5 నుంచి 7, క్యాస్ట్ 7 నుంచి 10 లేదా ఇంకాస్త ఎక్కువ. మన మే నెల ఎండకి ఇందులో తక్కువ అంకెనే నమ్ముకోవడం మంచిది.

అలాగని అన్నిటికీ క్యాస్ట్ కొనడం దండగ. త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం సభకి పెట్టే బోర్డుకి మోనోమెరిక్ చాలు. లాప్‌టాప్‌కి, డైరీకి కూడా చాలు. బండికి, కిటికీ బయటి వైపుకి పాలిమెరిక్ తీసుకోవాలి. వంపు తిరిగిన చోట ఏళ్ళ తరబడి ఉండాలంటేనే క్యాస్ట్.

జిగురుకీ కొన్ని ఇష్టాలుంటాయి

జిగురులో పర్మనెంట్, రిమూవబుల్ అని రెండు రకాలు దొరుకుతాయి. అద్దెకి ఉన్న రూమ్ గోడకి పర్మనెంట్ అంటిస్తే ఖాళీ చేసే రోజు పెయింట్‌తో సహా ఊడి వస్తుంది. అద్దం, స్టీలు, పెయింట్ వేసిన రేకు లాంటి వాటి మీద జిగురు బాగా పరుచుకుని పట్టుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో చాలావరకు పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్. వీటికి ఉపరితల శక్తి తక్కువ. తామరాకు మీద నీళ్ళలాగా జిగురు వాటి మీద పరుచుకోదు, నాలుగు రోజుల్లో మూల లేస్తుంది. గరుకు పూత వేసిన వాటర్ బాటిల్స్ మీదా ఇదే సమస్య, అక్కడ జిగురు గుట్టల కొసల్నే పట్టుకుంటుంది. అందుకే వంద స్టిక్కర్లు వేయించే ముందు ఒక్క ముక్క తెచ్చుకుని, అంటించాల్సిన వస్తువు మీద వారం రోజులు ఉంచి చూడాలి.

హెల్మెట్ విషయంలో తయారీదారు సూచనలు చూడండి. కొన్ని జిగుర్లు, వాటిని తుడిచే ద్రావకాలు పెంకుని దెబ్బతీయొచ్చు. నంబర్ ప్లేట్ జోలికి అసలు పోవద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకి హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి, వాటి మీద మన కళాపోషణ చెల్లదు.

సిరా సంగతి

ఒకే రంగు అక్షరాలైతే ప్రింటరే అక్కర్లేదు. ఆ రంగు వినైల్ కొని కోస్తే చాలు. రంగు ఫిల్మ్ లోపలే ఉంటుంది కాబట్టి గీరుకుపోదు, తొందరగా వెలిసిపోదు. బొమ్మలు, షేడ్లు, ఫొటోలు ఉంటేనే తెల్ల వినైల్ మీద ప్రింట్ చేసి, పైన లామినేషన్ వేసి, చుట్టూ కోయాలి.

ఇంట్లో ఉండే ఇంక్‌జెట్‌తో చేయొచ్చా? చేయొచ్చు, కానీ పైన ప్రత్యేక పూత ఉన్న ఇంక్‌జెట్ వినైల్ ఏ4 షీట్లు కావాలి. మామూలు వినైల్ మీద నీళ్ళ సిరా ఆరదు. సిరాలో డై రకం నీళ్ళకి కారుతుంది, ఎండకి త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ రకం కొంచెం గట్టిది. రెండిటికీ పైన కోల్డ్ లామినేషన్ తప్పదు. ఇంక్‌జెట్ షీటుని లేజర్ ప్రింటర్‌లో మాత్రం పెట్టకండి. టోనర్‌ని కరిగించే రోలర్ వేడికి వినైల్ మెత్తబడి చుట్టుకుపోతుంది. లేజర్‌కి పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న షీట్లే వాడాలి.

షాపుల్లోని పెద్ద మిషన్లలో ఎక్కువగా కనిపించేది ఎకో సాల్వెంట్. ఆ సిరా వినైల్ పై పొరని కాస్త మెత్తబరిచి లోపలికి దిగుతుంది. అందుకే గట్టిగా నిలుస్తుంది. కానీ సాల్వెంట్ పూర్తిగా ఆవిరి కావడానికి కనీసం 24 గంటలు ఆగి, తర్వాతే లామినేషన్ వేయాలి. తొందరపడి వేస్తే ఆవిరి లోపల చిక్కుకుని జిగురుని మెత్తబరుస్తుంది, అంచులు లేస్తాయి. “గంటలో ఇచ్చేయండన్నా” అని షాపతన్ని తొందర పెట్టేది మనమే, ఆ తర్వాత స్టిక్కర్ బాగాలేదని తిట్టేది కూడా మనమే.

బ్లేడు సంగతి

కటింగ్ ప్లాటర్‌లో ఉండేది చిన్న చాకు. పెన్ను పట్టుకున్నట్టు మిషన్ దాన్ని పట్టుకుని లాగుతుంది. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం ఎటు లాగితే అటు తిరుగుతుంది చూడండి, ఈ బ్లేడు కూడా అంతే. దాని మొన మధ్య అక్షానికి కాస్త వెనకగా, మామూలుగా 0.25 మి.మీ. దూరంలో ఉంటుంది. ఈ దూరాన్ని మిషన్‌కి సరిగ్గా చెప్పకపోతే మూలలు గుండ్రంగా తెగుతాయి, వృత్తం మొదలు చివర కలవవు.

మామూలు వినైల్‌కి 45 డిగ్రీల బ్లేడు వాడతారు. మందంగా ఉన్నవాటికి, సన్నని వివరాలకి 60 డిగ్రీలది. బ్లేడు వినైల్‌ని పూర్తిగా కోసి, కింది కాగితం మీద సన్నని గీత మాత్రమే పెట్టాలి. దీన్నే హాఫ్ కట్ అంటారు. ప్రతి కొత్త రోలుకీ ముందు చిన్న చతురస్రం, దాని లోపల వృత్తం కోసి చూడాలి. చతురస్రం మూలలు పదునుగా ఉండి, వృత్తం ముక్క లాగగానే వచ్చి, కాగితం చినగకపోతే సెట్టింగు కుదిరినట్టు.

కట్టర్ కొనేవాళ్ళు చూడాల్సినవి మూడు. మొదటిది ఆప్టికల్ కన్ను. ప్రింట్ మీద ఉన్న గుర్తుల్ని చదివి బొమ్మ ఎక్కడుందో కనిపెట్టేది ఇదే. ఇది లేని మిషన్ రంగు అక్షరాలు కోయగలదు గానీ, ప్రింట్ చేసిన బొమ్మ చుట్టూ సరిగ్గా కోయలేదు. రెండోది మోటారు. సర్వో మోటారు నిశ్శబ్దంగా, కచ్చితంగా తిరుగుతుంది. స్టెప్పర్ చవక, మోత ఎక్కువ. మూడోది వెడల్పు. క్రికట్, సిల్హౌట్ లాంటి టేబుల్ మిషన్లలో ఎక్కువగా వాడేవి సుమారు 12 అంగుళాల వెడల్పువి. 24 అంగుళాల రోలు కోయాలంటే స్టాండు ఉన్న పెద్ద కట్టర్ కావాలి. రోలాండ్, గ్రాఫ్‌టెక్, మిమాకి ఈ రంగంలో పేరున్నవి. ఏ కంపెనీదైనా, బ్లేడ్లు దొరుకుతాయా, రిపేరు చేసే మనిషి ఊళ్ళో ఉన్నాడా అని కనుక్కున్నాకే అడుగు వేయాలి.

ఇక్కడ మనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. ‘కాలేజీ ల్యాబ్‌లో లేజర్ కట్టర్ ఉంది కదా, దాంతో కోసేద్దాం’ అనే ఐడియా ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. శుద్ధ పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గాలిలో తేమ తగిలితే అది ఆమ్లం. ముందు మన ఊపిరితిత్తులకి, తర్వాత మిషన్ పట్టాలకి, అద్దాలకి నష్టం. వినైల్‌ని చాకుతోనే కోయాలి.

తెలుగు అక్షరాన్ని కోసేటప్పుడు

ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక్కో ముక్క. మన అక్షరాలు అలా కాదు. ‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది. కింద ఒత్తులు విడిగా ఉంటాయి. కోసిన తర్వాత అక్కర్లేని వినైల్‌ని పీకేస్తాం కదా, అప్పుడు చిన్న ముక్కలు దాంతోపాటు లేచి వచ్చేస్తాయి. ‘థ’ మధ్యలో చుక్క ఊడితే ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. కింద చిన్న గీత కూడా ఊడితే ‘కద’ మిగులుతుంది. ‘ఠ’లో చుక్క పోతే ‘ర’. ‘ప’లో తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు పూడిపోతే ‘పలుకు’ వెళ్ళి ‘వలుకు’ అవుతుంది. సాహిత్య క్లబ్ పేరుతో ‘కధ’ అని స్టిక్కర్ వెళ్తే తెలుగు మేష్టారికి మన ముఖం ఎలా చూపిస్తాం?

అందుకని నేను పెట్టుకున్న నియమాలు ఇవి. కోసే అక్షరం ఒంటి ఎత్తు కనీసం 12 మి.మీ., అందులో అతి సన్నని గీత కనీసం 1 మి.మీ. ఉండాలి. అంతకంటే చిన్నదైతే కోయకుండా ప్రింట్ చేయించాలి. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్ తీసుకోవాలి, అది ఉచితంగానే దొరుకుతుంది. చుక్కలు మరీ చిన్నవైతే ఇంక్‌స్కేప్‌లో కాస్త పెద్దవి చేయాలి. ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాల్ని యూనియన్ చేసి ఒక్కటిగా కలపాలి, లేకపోతే బ్లేడు అక్షరం మధ్యలోంచి కూడా కోసుకుంటూ పోతుంది. పీకేటప్పుడు షీటుని పైకి లాగకుండా, వెనక్కి బాగా మడిచి మెల్లగా లాగితే చుక్కలు కాగితం మీదే నిలుస్తాయి.

ఒక విషయంలో మాత్రం మన లిపి అదృష్టవంతురాలు. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో ఆకు చీలకుండా గుండ్రటి గీతలు అనువుగా ఉండేవని చెబుతారు. ఈ లాగుడు చాకుకి కూడా గుండ్రటి గీతే ఇష్టం. పదును మూలలే దానికి కష్టం.

ఫైల్ ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. మనం యూనికోడ్‌లో టైప్ చేసింది అక్కడ తెరిస్తే ఒత్తులు పక్కకి జరిగిపోవచ్చు. అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అప్పుడది టెక్స్ట్ కాదు, బొమ్మ గీత. ఎక్కడ తెరిచినా మారదు.

ఇప్పుడు మిషన్ ప్రశ్న

మన క్లబ్‌కి 3 అంగుళాల చతురస్రం స్టిక్కర్లు 200 కావాలనుకుందాం. మధ్యలో పావు అంగుళం సందు. ఏ4 షీటులో గుర్తులకి అంచులు వదిలితే 6 పడతాయి, అంటే 34 షీట్లు. 24 అంగుళాల రోలు మీద వరసకి 7 పడతాయి, 29 వరసలు, సుమారు 8 అడుగుల పొడవు, అంటే 16 చదరపు అడుగులు. షాపులో రేటు చదరపు అడుగుకి ఇంత అని ఉంటుంది కాబట్టి ముందే ఈ లెక్క వేసుకుని వెళ్తే బేరం తేలిక. అడుగు కొలతతో విడివిడిగా అమరిస్తే అడుగుకి 9 మాత్రమే పడతాయి. రోలు వెడల్పంతా వాడితే 12 దాకా వస్తాయి. మెటీరియల్ అదే, అమరికే తేడా.

సొంత మిషన్ సంగతికి వద్దాం. మాటవరసకి ప్రింటరూ కట్టరూ కలిపి 36,000 రూపాయలు అనుకోండి. షాపులో ఒక స్టిక్కర్ 12 రూపాయలు, మనమే చేస్తే వినైల్, సిరా, లామినేషన్, బ్లేడు, చెడిపోయినవి అన్నీ కలిపి 6. మిగిలేది 6. పెట్టుబడి తిరిగి రావాలంటే 6,000 స్టిక్కర్లు వేయాలి. ఏడాదికి 200 వేసే మన క్లబ్‌కి అది 30 ఏళ్ళు. ఈ అంకెలు తీసేసి మీ అంకెలు పెట్టుకోండి, సూత్రం అదే: పెట్టుబడిని ఒక్కో దాని మీద మిగిలేదానితో భాగించాలి.

మా అన్న లెక్కలో ఇంకో సంగతి ఉంది. ప్రింటర్ ఖాళీగా ఉంటే హెడ్‌లో సిరా ఎండిపోతుంది. ప్రిలిమ్స్ ముందు నెలరోజులు పుస్తకాలు తప్ప ఏదీ ముట్టని మనిషికి అది సరిపోని వస్తువు. కట్టర్‌కి ఆ గొడవ లేదు. బ్లేడు తీసి మూత పెడితే ఆర్నెల్లైనా అలాగే ఉంటుంది. అందుకే ఇద్దరం కూర్చుని ఇలా నిర్ణయించాం. మూడు నెలలు మిషన్ ఏదీ కొనడు. డిజైన్ తను చేసుకుని, ప్రింటింగూ కటింగూ జాబ్ వర్క్ ఇస్తాడు. ప్రతి ఆర్డరూ నోట్‌బుక్‌లో రాస్తాడు: ఎన్ని, ఏ సైజు, ఒక రంగా, బొమ్మా. ఎక్కువ భాగం ఒకే రంగు అక్షరాలైతే అప్పుడు కట్టర్ ఒక్కటే కొంటాడు, అదీ ఆప్టికల్ కన్ను ఉన్నది. పెద్దమ్మ లోన్ దరఖాస్తు ప్రస్తుతానికి ఆగింది.

అంటించేటప్పుడు

ఎంత మంచి స్టిక్కరైనా అంటించడంలో పాడవుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, చేతి నూనె కూడా ఉండకూడదు. ఎండలో కాలిపోతున్న ట్యాంకు మీద వేస్తే జిగురు ముట్టుకోగానే పట్టేస్తుంది, సర్దుకోవడానికి వీలుండదు. నీడలో పెట్టి చల్లారాక వేయండి. విడి అక్షరాలైతే పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి వరస చెదరకుండా దించాలి. మధ్య నుంచి అంచులకి పాత ఏటీఎం కార్డుతో నొక్కండి, కార్డుకి మెత్తటి గుడ్డ చుడితే గీతలు పడవు. ఒక రోజు దాకా నీళ్ళు తగలనివ్వద్దు. డిజైన్ చేసేటప్పుడే మూలల్ని గుండ్రంగా ఉంచండి, ముందుగా లేచేది పదును మూలే. మిగిలిన రోలుని డాబా మీది రేకుల గదిలో పెట్టకుండా, చల్లటి చోట ఉంచండి.

ఆగస్టు స్టిక్కర్ల కోసం మన క్లబ్ ఎంచుకున్నది ఇది: లాప్‌టాప్‌కి, డైరీకి కాబట్టి మోనోమెరిక్ తెల్ల వినైల్, రిమూవబుల్ జిగురు, ఎకో సాల్వెంట్ ప్రింట్, ఒక రోజు ఆరబెట్టాక మ్యాట్ లామినేషన్, గుండ్రటి మూలలు, జాబ్ వర్క్. మాటలు పంపాలనుకునే వాళ్ళు ఒక్కో మాట పది అక్షరాలకి మించకుండా పంపండి. ‘థ’, ‘ఠ’ ఉన్న మాటలు తప్పకుండా పంపండి, చుక్కల బాధ్యత నాది.